పన్నెండో పర్లేదు

మా ఆయనకీ నాకూ మొదటి గొడవ ఒక వత్తు దగ్గర వచ్చింది. అప్పటికింకా ఆయన మా ఆయన కాదు. నేను ప్రెస్సులో కాపీ చదివే పనికి చేరి మూడు రోజులైంది. రచయిత చేత్తో రాసిచ్చిన కాగితాలు పట్టుకుని, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా పైకి చదవడం నా పని. ఎదురుగా కూర్చున్న ప్రూఫ్‌రీడరు అచ్చుకాగితం మీద పెన్సిలు జరుపుకుంటూ తప్పులు పట్టుకుంటారు. ఆ రోజు నేను "ఫర్వాలేదు" అని చదివితే ఆయన పెన్సిలు ఆగిపోయింది.

"పర్వాలేదు," అన్నారు.

"ఇక్కడ ఫర్వాలేదనే ఉందండీ. వత్తు ఫ."

"పర్వా అన్న మాటకి వత్తెక్కణ్ణించి వచ్చింది? పొయ్యి ఊదుతూ రాశాడా ఈ పెద్దమనిషి?"

"నన్నడిగితే నేనేం చెప్పను? మా ఇంట్లో రెండూ అనం. పర్లేదంటాం."

ఆయన తలెత్తి చూసి నవ్వారు. ఆ మాటని కొట్టేస్తారేమో అనుకున్నాను. కొట్టేయలేదు. ఆ మాట చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, మార్జిన్లో ప్రశ్న గుర్తు పెట్టారు. "అచ్చుతప్పయితే మనం దిద్దొచ్చు. మాట రచయితదైతే అడగాలి. అడిగి, జవాబొచ్చేదాకా ఊరుకోవాలి. ఈ పనిలో సగం చదవడం, సగం ఊరుకోవడం," అన్నారు.

ఊరుకోవడం ఆయనకెంత బాగా వచ్చో నాకు తర్వాత తెలిసింది.

ప్రెస్సులో అందరూ ఆయన్ని వత్తుల మాస్టారనేవాళ్లు. నన్ను కామా అనేవాళ్లు, కామా వచ్చినచోట గొంతు పెంచుతానని. ఆ మాటలో ఇంకో అర్థం ఏరుకుని బైండింగు వాళ్లు కిసుక్కున నవ్వుకునేవాళ్లు కూడా. పెళ్లయ్యాక ఆయనా నన్ను అలాగే పిలిచారు, ఆ ఇంకో అర్థంతో సహా. మాకు పిల్లలు కలగలేదు. ఆ కథ వేరు, ఇక్కడ ఎత్తుకోను. ఇద్దరికి రెండు గదులూ ఒక వంటిల్లూ చాలినంత ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన ఆయన బల్ల. గుమ్మం దగ్గర చెప్పుల అరమీద ప్రెస్సువాళ్లు పారేసిన పాత ఇనప ట్రే ఒకటి ఉండేది. ఇంటికి తెచ్చుకున్న ప్రూఫుల్లో ప్రశ్న గుర్తులున్నవన్నీ అందులో పడేవి. అవి రచయితకి వెళ్లాల్సినవి. పొద్దున్నే వాటిని సంచిలో వేసుకుని పట్టుకెళ్లడం నా వంతు. పదిహేనేళ్లు ఇలాగే చేశాం. ట్రేలో పడిందంటే ఎవరో ఒకరు జవాబు చెప్పాలని అర్థం. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, నేను మర్చిపోయాను కాబట్టి.

నా ముప్పై ఏడో ఏట నొప్పి మొదలైంది. పొత్తికడుపు కింద, లోపల, వేడినీళ్లు పడి బొబ్బెక్కిన చోట మళ్లీ వేడినీళ్లు పోస్తున్నట్టు. అర్జంటుగా వెళ్లాలనిపిస్తుంది, వెళ్తే నాలుగు చుక్కలు, తిరిగొచ్చి కూర్చోగానే మళ్లీ మొదలు. రోజుకి ముప్పైసార్లు. మొదటి డాక్టరు ఇన్ఫెక్షనన్నాడు. పరీక్షలో ఏమీ లేదంటే, అయినా ఇన్ఫెక్షనే అన్నాడు. రెండో ఆయన బిందెడు నీళ్లు తాగమన్నాడు. మూడో ఆయన నా మొహం కూడా చూడకుండా, "టెన్షన్ తగ్గించుకోండమ్మా," అన్నాడు. నాలుగో ఆవిడ ఆడమనిషే, ఆవిడ మీద ఆశపెట్టుకుని వెళ్లాను. "పెళ్లయినవాళ్లకి ఇవన్నీ మామూలే," అంది. మామూలట! నాకు ముక్కు మీదే కోపం, ఆ రోజు మాత్రం అది కళ్లలోంచి కారింది.

ఊళ్లో ఏ దుకాణం వెనక, ఏ మెట్ల కింద మరుగుదొడ్డి ఉందో నాకు తెలిసినట్టు మునిసిపాలిటీ వాళ్లకి కూడా తెలిసుండదు. బస్సెక్కితే ముందు దిగే దారి చూసుకునేదాన్ని. కాపీ చదువుతూ చదువుతూ వాక్యం మధ్యలో లేచిపోయేదాన్ని. "కామా ఫుల్‌స్టాప్ పెట్టి వెళ్లిందిరోయ్," అని బైండింగు గదిలోంచి ఎవరో అరిచేవాళ్లు. ఆయన మాత్రం వాక్యం ఆగినచోట వేలు పెట్టుకుని, నేను తిరిగొచ్చేదాకా ఆ వేలు తీయకుండా కూర్చునేవారు. నన్ను ఎవరైనా ప్రేమించారా అని అడిగితే నేను ఆ వేలు చూపిస్తాను.

ఇక అసలు సంగతికొస్తాను. సిగ్గుపడి లాభం లేదు, సిగ్గుపడే ఇంతదాకా తెచ్చుకున్నాను.

మంచం మీద దగ్గరైనప్పుడు ఆ నొప్పి నొప్పిలా ఉండేది కాదు. కత్తి దించి తిప్పినట్టుండేది. ఆ కాసేపటితో అయిపోయినా ఓర్చుకునేదాన్నేమో. అయిపోయేది కాదు. మర్నాడు, ఆ మర్నాడు, నాలుగో రోజుదాకా మంట. నేలమీద మోకాళ్లు ముడుచుకుని, వేడినీళ్ల సీసా పొత్తికడుపుకి అదుముకుని పడుకునేదాన్ని. ఆయనకి నొప్పి ఉందని తెలుసు, ఎంతుందో తెలీదు. అందుకని ప్రతిసారీ అడిగేవారు. నా చెవి దగ్గర, చాలా నెమ్మదిగా, "పర్లేదా?" అని.

"పర్లేదు," అనేదాన్ని.

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ లెక్కన పర్లేదంటే ముప్పాతిక అంగీకారం. మిగిలిన పాతికలో ఏముందో ఆయన చూడలేరు, నేను చూపించలేదు. ఎందుకు చూపించలేదంటే ఏం చెప్పను? వద్దంటే ఒకసారి ఊరుకుంటారు, రెండుసార్లు ఊరుకుంటారు, మూడోసారి అడగడమే మానేస్తారని భయం. నాకూ ఆయన కావాలి. ఆయన మెడ దగ్గర వాసన కావాలి, ఆ బరువు కావాలి, కామా అని పిలిచే ఆ గొంతు కావాలి. నొప్పి నాది, ఆశ ఇద్దరిదీ. రెండూ ఒకే చోట పెట్టాడు దేవుడు, వాడికి ఇల్లు సర్దడం రాదు.

అయిదో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లేసరికి రెండేళ్లు దాటింది. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, ఎప్పుడూ తొందరలో ఉన్నట్టుండే మనిషి. నేను చెప్పేదంతా విని, ఏవో గొట్టాలు పెట్టి చూసి, "ఇన్ఫెక్షన్ లేదు. మీ మూత్రాశయం లోపలి పొర పాడైంది. నొప్పి నిజం. మీ మనసులో లేదు, అక్కడే ఉంది," అంది. నేను అక్కడే భోరున ఏడ్చాను. పూర్తిగా పోతుందని చెప్పలేనంది. పులుపూ కారం, కాఫీ టీ మానమంది. మూడు నెలలు ఒక నోటుబుక్కులో అన్నీ రాసుకురమ్మంది. తేదీ, ఎన్నిసార్లు వెళ్లాను, పదికి నొప్పి ఎంత, తిన్నదీ తాగిందీ, చివర విశేషాలు.

"విశేషాలంటే?"

"దూరం ప్రయాణం చేశారనుకోండి, అది. మీరూ మీ ఆయనా కలిశారనుకోండి, అది. ఏం చేస్తే పెరుగుతోందో తెలియాలి కదా."

కలిశామని రాయడానికి చెయ్యి రాలేదు. ఇరవై ఏళ్లుగా నానా పుస్తకాల్లో నానా మాటలూ పైకి చదివిన దాన్ని, నా సంగతికి వచ్చేసరికి మాట దొరకలేదు. అందుకని ఆ రోజుల దగ్గర, విశేషాల గడిలో, "పర్లేదు" అని రాశాను. మూడు నెలల్లో పదకొండు.

డాక్టరమ్మ పేజీలు తిప్పుతూ వాటి దగ్గర ఆగింది. "ఇదేంటి?"

"అదేనండీ."

నవ్వింది ముందు. తర్వాత వేలు పక్క గడిలోకి జరిపింది. నవ్వడం ఆపేసింది. "పర్లేదని రాసి, మర్నాడు తొమ్మిది, ఆ మర్నాడు తొమ్మిది, తర్వాత ఎనిమిది వేశారేంటమ్మా? ఇదేనా పర్లేదంటే?" నేను నేలచూపులు చూశాను. "మీ ఆయన్ని తీసుకురండి, నేను మాట్లాడతాను. ఆడా మగా దగ్గరగా ఉండటానికి అదొక్కటే దారి కాదు."

"మీకెందుకండీ శ్రమ, పర్లేదు, నేనే చెప్తాను," అన్నాను.

చెప్పలేదు. ఇవాళ చెప్దాం, ఆదివారం చెప్దాం అనుకుంటూ ఆ నోటుబుక్కు ఆయన బల్ల మీద ఓ మూల పెట్టి, మందులు మొదలుపెట్టాను. ఆయన ముందు ఏ కాగితం పెట్టినా చదువుతారని, అది ఆయన జబ్బని తెలిసి కూడా అక్కడ పెట్టాను. తెలిసే పెట్టానేమో కూడా. ఇప్పుడు చెప్పడం కష్టం.

వారం తర్వాత ఆ నోటుబుక్కు ట్రేలో కనిపించింది.

నాకు ఒళ్లు మండిపోయింది. బల్లంతా ఆయన కాగితాలే, అందులో నా నోటుబుక్కు ఒక్కటి అడ్డమొచ్చిందన్నమాట. పంపించేయాల్సిన చెత్తతో పాటు గుమ్మం దగ్గర పడేశారు. నా నొప్పికి ఈ ఇంట్లో జానెడు జాగా లేదు. తెరిచి కూడా చూడకుండా దాన్ని స్కానింగు కాగితాలున్న సంచిలో కుక్కి, ఆ సంచిని అటక మీదకి తోసేశాను. అడగలేదు. నాకూ పౌరుషం ఉంది కదా.

ఆ తర్వాత నాలుగైదు రోజులు ఆయన పొద్దున్నే గుమ్మం దగ్గర ట్రే వంక చూడటం నాకు గుర్తుంది. ఖాళీగా ఉందా అని చూసుకుంటున్నారనుకున్నాను.

ఆ నెలలోనే ఆయన పక్క ముందు గదిలోకి మారింది. "రాత్రిళ్లు పదిసార్లు లేస్తావు. నేనుంటే చప్పుడవుతుందని మొహమాటపడతావు. నీ ఇష్టమొచ్చినట్టు దొర్లు," అన్నారు. దిండు చంకలో పెట్టుకుని నిలబడ్డారు. ఆగారు, నేనేమైనా అంటానేమోనని. నేనేమీ అనలేదు. మూడు వారాలుగా ఆయన చెయ్యి నా మీద పడలేదని లెక్కపెట్టుకుంటున్నదాన్ని, ఇప్పుడు ఏం అంటాను? వెళ్లనిచ్చాను.

అలా నాలుగేళ్లు. చెడ్డగా లేరు. ఒక్క రోజు విసుక్కోలేదు. నా మందులు తెచ్చేవారు, నాకు కారం లేకుండా వండి తనూ అదే తినేవారు. వేడినీళ్ల సీసా నింపి తలుపు దగ్గర పెట్టి వెళ్లేవారు. తలుపు దగ్గర, చూశారా, మంచం దగ్గర కాదు. సీసా నా చేతికిచ్చి ఉంటే వేళ్లు తగిలేవి.

ఆయన అక్క, నాకు వదిన, ఏడాదికోసారి వచ్చేది. ఎద్దు పుండు కాకికి ముద్దా? "మా వాడు సన్యాసిలా అయిపోయాడమ్మా. మగాడు రాయి కాదు కదా. ఏదో ఒకటి చూసుకోవాలి," అంటూ నిట్టూర్చి, నేను మానేసిన కాఫీ నా ఎదురుగా కూర్చుని రెండు గ్లాసులు తాగి వెళ్లింది. ఆ మాట నన్ను తొలిచేసింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆయన బల్ల దగ్గర నిఘంటువు ప్రూఫు చూసుకుంటుంటే, వెనకనుంచి వెళ్లి భుజం మీద చెయ్యేశాను. ఊరికే వేయలేదు. నేను పెళ్లాన్ని, నాకు తెలుసు ఎలా వేయాలో.

ఆయన ఉలిక్కిపడ్డారు. కాలిన వస్తువు తగిలినట్టు భుజం లాక్కున్నారు. "వద్దు. నీకెందుకీ శ్రమ, వెళ్లి పడుకో," అన్నారు. నా మొహం చూడలేదు.

శ్రమట. నా నొప్పి చూసి ఆయనకి అసహ్యం పుట్టిందని ఆ రోజు ఖాయం చేసుకున్నాను. పొద్దస్తమానం మరుగుదొడ్డిలో ఉండే ఆడదాన్ని ఏ మగాడు ముట్టుకుంటాడు, అని నాకు నేనే చెప్పుకున్నాను. వేరేవాళ్లు అనుంటే చెంప పగలగొట్టేదాన్ని. నన్ను నేను అన్నాను కాబట్టి నమ్మాను.

కిందటి నెలలో ప్రెస్సు యజమాని దూరపు ఊళ్లో కొత్త శాఖ తెరుస్తున్నామని, అనుభవమున్న ప్రూఫ్‌రీడరు ఒకరు వెళ్లాలని అన్నాడు. వెళ్తే మళ్లీ వెనక్కి ఉండదు, ఇక్కడి కుర్చీ వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. ఆయన ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, అన్నం కలుపుతూ కూర్చున్నారు. తినడం లేదు.

"వెళ్లండి," అన్నాను. "ఇక్కడ మీకేముందని?"

ఆయన నన్నే చూశారు. "నేను వెళ్తే నీకు హాయిగా ఉంటుందా?"

వెళ్లొద్దు అనాలనే ఉంది. నా నోరు దాని పని అది చేసుకుపోయింది.

"పర్లేదు," అన్నాను.

మర్నాడు ఆయన సంతకం పెట్టారు. మంగళవారం చేరాలి.

శనివారానికి పెట్టె సర్దడం అయిపోయింది. ముప్పై ఏళ్ల ఉద్యోగం, ఇరవై రెండేళ్ల కాపురం కలిపి ఒక పెట్టె, ఒక పుస్తకాల కట్ట. ఆదివారం పొద్దున ఆయన కట్టకి తాడు కొనడానికి బజారుకి వెళ్లారు. నాకు బుధవారం ఆసుపత్రిలో పని ఉంది. డాక్టరమ్మ ఏదో కొత్త వైద్యం చూద్దామంది, పాత కాగితాలన్నీ తెమ్మంది. స్టూలేసుకుని అటక మీది సంచి దింపాను. స్కానింగు కాగితాల మధ్య ఆ నోటుబుక్కు ఉంది. తేదీలు చూసుకుందామని తెరిచాను.

మొదటి "పర్లేదు" చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. మార్జిన్లో ప్రశ్న గుర్తు.

ముందు నాకు అర్థం కాలేదు. పేజీ తిప్పాను. ఇంకో సున్నా, ఇంకో ప్రశ్న గుర్తు. పదకొండు చోట్ల పదకొండు. ప్రతి సున్నా నుంచీ ఒక సన్నటి గీత కిందకి దిగి, మర్నాటి తొమ్మిది దాకా, ఆ మర్నాటి ఎనిమిది దాకా వెళ్లింది. ఆఖరి పేజీ అడుగున ఆయన ముత్యాల్లాంటి అక్షరాలు.

"రచయిత గమనించాలి. పదకొండు చోట్ల ఇదే మాట. పక్కనున్న అంకెలతో పొసగడం లేదు. మాట తప్పా, అంకె తప్పా? రెండూ ఒప్పయితే తప్పు నాది. జవాబు వచ్చేదాకా ముందుకు వెళ్లను."

కింద తేదీ. నాలుగేళ్ల కిందటిది.

స్టూలు మీదే కూలబడిపోయాను. ట్రేలో పెట్టారు. పారేయలేదు, ట్రేలో పెట్టారు. రచయితకి పంపారు. రచయిత అటక మీద పడేసింది. జవాబు వచ్చేదాకా ముందుకు వెళ్లనని రాసిన మనిషి, రాసినట్టే, ఒక్క అడుగు ముందుకు వేయకుండా ముందు గదిలో కూర్చున్నాడు. నోరు తెరిచి అడగొచ్చు కదా, చచ్చినోడు! అడగనిదే అమ్మైనా పెట్టదంటారే. కాగితం మీద అడిగితే చాలనుకున్నాడు. ఏం చెప్పను, అదే ఆయనకి తెలిసిన అడగడం. ఆయన్ని తిట్టుకున్నాను, నన్ను తిట్టుకున్నాను, గట్టిగా ఏడ్చాను. తిలాపాపం తలా పిడికెడు.

ఏడుపు ఆగాక ఆయన బల్ల మీంచి ఎర్ర కలం తీసుకున్నాను. ప్రెస్సులో ఎర్ర సిరా రచయితది. మొదటి పర్లేదు కొట్టేశాను. మార్జిన్లో "నొప్పి" అని రాశాను. రెండోది కొట్టేశాను. "నొప్పి. చెప్పలేదు." మూడోది. "మధ్యలో ఏడుపొచ్చింది, మీకు కనబడకుండా మొహం తిప్పాను." అలా కలం కాగితం చిరిగేలా పదకొండూ కొట్టేశాను.

తర్వాత మళ్లీ ఏడో దాని దగ్గరికి వచ్చాను. ఆ తేదీ గుర్తుంది. సెలవు రోజు, కరెంటు లేదు, బయట జోరున వాన. కిటికీ దగ్గర ఆయన నిఘంటువు ప్రూఫు పట్టుకుని, మాటలకి తప్పు అర్థాలు కల్పించి చదువుతున్నారు. నేను నవ్వి నవ్వి, కాగితాలు లాక్కుని, నేనే ఆయన్ని లోపలికి తీసుకెళ్లాను. ఆ రోజూ నొప్పి ఉంది. మర్నాడు తొమ్మిదే. అయినా ఆ రోజు నేనన్న పర్లేదు నిజంగా పర్లేదే.

కొట్టేసిన మాటని మళ్లీ ఉంచాలంటే దాని కింద చుక్కలు పెడతారు. ఏడో పర్లేదు కింద చుక్కలు పెట్టాను. మార్జిన్లో "ఉంచండి" అని రాశాను. నోటుబుక్కు మూసి ట్రేలో పెట్టాను.

ఆయన తాడు చుట్ట పట్టుకుని వచ్చారు. చెప్పులు విప్పుతూ అలవాటు చొప్పున ట్రే వంక చూశారు. ఒక చెప్పు కాలికి ఉండగానే ఆగిపోయారు. నోటుబుక్కు తీసుకుని తెరిచారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. మొదటి పేజీ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. లోపలికి వచ్చి బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చున్నారు. ఎదురు కుర్చీ వైపు నోటుబుక్కు జరిపారు.

"నాకు కళ్లు ఆనడం లేదు. కాపీ చదువు," అన్నారు.

కూర్చున్నాను. చదివాను. ఇరవై ఏళ్లు ఎలా చదివానో అలాగే. "మూడో తారీఖు, కామా, ఇరవై ఎనిమిది సార్లు, కామా, నొప్పి నాలుగు, కామా, పర్లేదు, కొట్టేయండి. నొప్పి, ఫుల్‌స్టాప్." ఆయన ఖాళీ బల్ల మీద పెన్సిలు జరుపుకుంటూ విన్నారు. మధ్యలో ఒకసారి లేచి వెళ్లాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి ఆగిన వాక్యం మీద ఆయన వేలు ఉంది.

ఏడోదాని దగ్గరికి వచ్చాను. "పర్లేదు. ఉంచండి," అన్నాను.

"ఎందుకు?"

"ఆ రోజు నాకు కావాలనిపించింది కాబట్టి."

ఆయన పెన్సిలు కింద పెట్టేశారు. మొహం రెండు చేతుల్లో దాచుకున్నారు. "తొమ్మిది," అన్నారు చేతుల్లోంచి. "పదకొండు సార్లు తొమ్మిది. పక్కన పడుకుని నేను చేసిన పని అది. ఈ చేతులంటే నాకే భయమేసింది కామా. మళ్లీ ముట్టుకుంటే నువ్వు మళ్లీ పర్లేదంటావు. నేను మళ్లీ నమ్మేస్తాను."

"మీకు అసహ్యం అనుకున్నాను. నేనంటే."

ఆయన తలెత్తి చూసిన చూపు నేను రాయలేను. నాలుగేళ్లు. నలభై, నలభై నాలుగు మధ్య నాలుగేళ్లు, మళ్లీ అచ్చువేయడానికి లేనివి.

మిగిలినవి చదివాను. పదకొండోది కూడా అయ్యాక నోటుబుక్కు మూయలేదు. "ఇంకొకటుంది," అన్నాను. "ఇందులో లేదు. కిందటి నెల, అన్నం దగ్గర. మీరు వెళ్తే హాయిగా ఉంటుందా అని అడిగారు. పర్లేదన్నాను. అదీ కొట్టేయండి."

ఆయన గుమ్మం దగ్గర పెట్టె వైపు చూశారు.

"అది అచ్చయిపోయింది కామా," అన్నారు. "నిన్ననే నా కుర్చీలో కొత్తతను కూర్చున్నాడు. పెన్సిళ్లు కూడా ఇచ్చేశాను."

"తెలుసు."

"సెలవు దొరికినప్పుడల్లా వస్తాను."

ఆ మాట మీద ఇద్దరికీ నమ్మకం లేదు. పన్నెండు గంటల ప్రయాణం, నెలకి రెండు రోజుల సెలవు. నేను అక్కడికి వెళ్లాలంటే, బస్సులో గంట కూర్చోలేని దాన్ని. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

ఆయన నోటుబుక్కు తన వైపు తిప్పుకుని ఆఖరి ఖాళీ గీతల దగ్గర తెరిచారు. ఇవాళ్టి తేదీ వేశారు.

"నొప్పి ఉందా?"

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఏడేళ్ల అలవాటు. మింగేశాను.

"ఉంది," అన్నాను. "ఏడు."

ఏడు వేశారు. పెన్సిలు విశేషాల గడి మీద ఆగింది. "ఇక్కడేం రాయను?"

"ఏమీ రాయకండి. ఇలా వచ్చి పక్కన కూర్చోండి."

ఆయన కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు. నా చెయ్యి తీసుకుని రెండు చేతుల మధ్య పెట్టుకున్నారు, అడగకుండా. పొత్తికడుపులో మంట అలాగే ఉంది. బండి పొద్దున ఆరింటికి.